నాంచారమ్మ నడుము

అనగనగా, కాలవలకింకా పేర్లు పెట్టని కాలంలో, వరిచేల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ. ఇల్లు చిన్నది, గొంతు పెద్దది. నాట్లప్పుడు ఆడవాళ్ళ వరసకి ముందుపాట ఆమెదే. వెనక్కి నడుస్తూ నారు నాటాలి కదా, ఆమె "జరుగమ్మా జరుగు" అంటే వరసంతా ఒక అడుగు వెనక్కి వేసేది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ పాటా, ఆ ముందుచోటూ.

ఒక ఏడు సరిగ్గా నాట్ల వేళకి ఆమె నడుము పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు.

"ఈ ఏడు పాట నేనెత్తుతాలే అక్కా, నువ్వు గట్టు మీద కూర్చో" అంది తోడికోడలు బుల్లెమ్మ. ప్రేమగానే అంది. అయినా నాంచారమ్మ గుండె కలుక్కుమంది.

అప్పుడే ఆ దారిన పోతున్న బైరాగి ఒకడు ఆమె చేతిలో గంజాయి మూట పెట్టాడు.

"నొప్పికి మందు తల్లీ. పొగ తాగొచ్చు, ఉండ చేసి మింగొచ్చు, నూనెలో కాచి రాసుకోవచ్చు."

"మూడింట్లో ఏది మంచిది సామీ?"

"నడుము నీదా, నాదా? నువ్వే తేల్చుకో" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మొదటిరోజు ఆ ఆకు చిలుం గొట్టంలో కూరి పొగ పీల్చింది. నొప్పి చిటికెలో పోయింది. నడుము వంచింది, పాట ఎత్తింది. ఎత్తగానే దగ్గు! సగం వరస జరిగింది, సగం జరగలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే నొప్పి తిరిగొచ్చింది. పాడే గొంతుకి పొగ పనికిరాదని చిలుం కాలవలో పారేసింది.

రెండోరోజు బెల్లంతో ఉండ చేసి మింగింది. ఏమీ కాలేదు. ఇంకోటి మింగింది. అబ్బే! "ఆకుకూర అంటగట్టి పోయాడు" అని బైరాగిని తిట్టుకుంటూ మూడోదీ మింగి చేలో దిగింది. నడుము వంచింది, పాట ఎత్తింది. అప్పుడు మూడూ కలిసి ఒక్కసారే తలకెక్కాయి. ఇక చూడండి! పాటంతా మరిచిపోయి "జరుగమ్మా జరుగు, జరుగమ్మా జరుగు" ఇదొక్కటే పట్టుకుంది. ముందుపాట మాట దాటే అలవాటు ఆ ఊళ్ళో లేదు. వరస జరిగింది, గట్టెక్కింది, గట్టు దిగింది, పక్క మడిలో నాటుకుంటూ పోయింది. చేను గల కాపు వీరాస్వామి లబలబలాడాడు. పక్క మడి అచ్చయ్య మాత్రం ఊరికే నాట్లు పడుతున్నాయని మీసం దువ్వుకున్నాడు.

మత్తు దిగాక నాంచారమ్మ కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది.

"రేపట్నుంచి బుల్లెమ్మే పాడుతుంది" అన్నాడు వీరాస్వామి.

"రేపొక్కరోజు నాకివ్వండి బాబూ. తప్పితే నేనే తప్పుకుంటాను."

మూడోరోజు ఆకు నువ్వులనూనెలో కాచి, బుల్లెమ్మ చేత నడుముకి రాయించుకుంది. తలకెక్కలేదు, గొంతుకి అడ్డం రాలేదు. కానీ నొప్పి సగమే తగ్గింది.

"మిగతా సగం సంగతి నేను చూసుకుంటాలే" అంది.

నడుము వంచింది, పాట ఎత్తింది. "జరుగమ్మా జరుగు" అని కొంతసేపు పాడి, ఎప్పుడూ లేనిది, "నిలువమ్మా నిలువు" అంది. వరసంతా లేచి నిలబడింది. నడుం మీద చేతులు వేసుకుని, వెనక్కి విరుచుకుని, మళ్ళీ వంగింది.

"నాట్లకి వచ్చారా, మబ్బులు చూడ్డానికి వచ్చారా?" అని వీరాస్వామి కసిరాడు.

"నడుము మాదా, మీదా బాబూ?" అంది నాంచారమ్మ.

పొద్దుండగానే చేను నిండింది. ఆ రోజు ఎవరూ నడుం పట్టుకుని ఇంటికి పోలేదు. మర్నాటి పాట కూడా వీరాస్వామి ఆమెకే ఇచ్చాడు.

అప్పట్నుంచి ఆమెకు పొద్దున నూనె. నొప్పి మరీ ఎక్కువైతే పని ముగిశాక శనగ్గింజంత ఉండ, ఒక్కటే. మింగి పడుకునేది. అలా పండు ముసలిదయ్యేదాకా ముందుచోటు ఎవరికీ ఇవ్వలేదు.

ఆమె కన్నుమూసిన ఏడు నాట్లకి పాట బుల్లెమ్మ ఎత్తింది. ఎత్తింది గానీ, ఆ చోటులో నిలబడడానికి కాళ్ళు రాలేదు. పక్కన నిలబడి పాడింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తొందరపడేవాళ్ళని "ఏమే, రెండో ఉండ మింగావా?" అంటారు. ఇప్పటికీ "నిలువమ్మా నిలువు" అనగానే ఎంత పెద్ద కాపు అరిచినా వరస లేచి నిలబడుతుంది. ఇప్పటికీ వరస ముందు ఒక మనిషి చోటు ఖాళీగా వదిలి నాటుతారు. పొద్దువాలే వేళ అందరూ కలిసి ఆ ఖాళీలో నారు నాటి, "నాంచారమ్మా, ఇక లే" అంటారు.