అతుకులమ్మ చీర

పూర్వం పాళెగాండ్ర ఏలుబడి సాగుతున్న రోజుల్లో, ఇప్పుడు మనం అతుకులమ్మ గుట్ట అంటున్న ఈ చోటును కుంచెలపాడు గుట్ట అనేవారు. గుట్టపై వెలసిన అమ్మవారికి ఏటా జాతరనాడు కట్టే పట్టుచీరను ఊరి నేతగాళ్ళలో ఆలుమగలు ఇద్దరూ కలిసి నేయాలని, అందులో అతుకన్నది ఉండరాదని కట్టుబాటు. అటువంటి తల్లికి నేడు నడుమ అతుకున్న చీరనే కట్టడమేమిటని ఎవరికైనా సందేహం కలగడం సహజం. దానికి తిప్పయ కథే సమాధానం.

తిప్పయ చేయి తిరిగిన నేతగాడు, అంతకు మించిన గర్విష్ఠి. ఒక ఏడు అతడూ భార్య ముద్దాంబా అమ్మవారి చీర సగం నేసి ఉండగా, పాళెగాడు తన ఆస్థానానికి నేతగాళ్ళను పిలిపిస్తున్నాడని కబురు వచ్చింది. చీర ముగిసేదాకా ఆగమని ముద్దాంబ ఎంత బతిమాలినా వినక, తన పనితనం చూపించుకోవడానికి నేసిన సగాన్ని మగ్గం మీదనే కోసి పట్టుకుపోయాడు. నిలువు పోగుల పడుగును నడిమిలో కోయడమే నేతగాడికి పాపం. అమ్మవారి పడుగును కోసినవాడి పేరెత్తడమే ఊరు మానేసింది. ఆనాటి నుంచి ఎవరు ఏ చీర కట్టినా అది జారి అమ్మవారి పాదాల చెంత పడేది. ముద్దాంబ మాత్రం మిగిలిన పడుగును మగ్గం నుంచి దించక, దుమ్ము దులుపుకుంటూ, కూలికి నూలు కండెలు చుట్టి బతికింది. అది కోపమో ఆశో ఆమెకే తెలియదు.

ఆస్థానంలో తిప్పయకు మేడ, మన్నన దొరికాయి. అయితే ఒకనాడు పాళెగాడి తల్లి ఆ సగం చీరను చూసి, తక్కిన సగం ఎవరి దగ్గర ఉందని మామూలుగా అడిగింది. అతడికి కండె అందించే ముద్దాంబ చేయి గుర్తుకొచ్చి, చేసిన పని ఎటువంటిదో అప్పుడు తెలిసి, కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. అన్నీ వదులుకుని, ఆ సగం చీరతో పాటు మేలైన కొత్త పట్టునూలు మూట కట్టుకుని, తల నెరిసిన వయసులో ఊరు చేరాడు.

గడప బయటే నిలబడి, కొత్త పడుగు వేసి అమ్మవారికి మచ్చలేని చీర నేద్దామని వేడుకున్నాడు. ముద్దాంబ ఆ నూలు వంక చూడనైనా చూడలేదు.

"కొత్తది నాకొద్దు. నువ్వు కోసిన కాడనే అతకల్ల. ఆ పని సేస్తానంటే లోపలికి రా," అంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని, ఏ పోగు కొనను ఆ పోగుకే పురిపెట్టి అతికారు. పోగు పోగుకూ ఇద్దరి వేళ్ళూ తగిలేవి. మొదట చేయి వెనక్కి తీసుకున్న ముద్దాంబ పని ముగిసేనాటికి అలా తీసుకోవడం మానేసింది. ఆపైన మిగిలిన సగమూ నేశారు.

జాతరనాడు గుట్టపైన, అతుకు చీరేమిటని పెద్దలు గొణిగినా, ఏ చీరా నిలవడం లేదు కదా అని పూజారి ఒప్పుకుని, అతుకు కనబడకుండా కుచ్చిళ్ళలో దాచి కట్టాడు. అందరూ చూస్తుండగానే చీర జారిపోయింది. తన పాపానికి ఇక నిష్కృతి లేదనుకుని తిప్పయ గుట్ట దిగబోయాడు. ముద్దాంబ అతడి చేయి పట్టుకుని ఆపి, పూజారి వైపు తిరిగింది.

"దాయొద్దు సామీ. అందురికీ కనపడేటట్టు కట్టు."

పూజారి అతుకును ముందుకు తెచ్చి కట్టాడు. ఈసారి చీర నిలిచింది.

నేటికీ జాతర చీరను సగం నేసి కోసి, మళ్ళీ అతికి పూర్తి చేస్తారు. ఎడబాసి మళ్ళీ కలిసిన ఆలుమగలు వచ్చి తలా ఒక కొన పట్టుకుని ఒక్క పోగు అతికి పోతారు. ఆ అతుకు అమ్మవారి గుండెలకు అడ్డంగా వచ్చేటట్లే పూజారి చీర కడతాడు. పండగ ముగిశాక ఆ చీరను కళ్ళకద్దుకునే ఆడవాళ్ళు వేలితో తడిమి చూసి, మిగతా చీరంతటికన్నా అక్కడే గట్టిగా ఉందంటారు.