గేటు ముందు చెంగమ్మ

మేదిని అనే కుర్ర దర్శకురాలికి, మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, వాళ్ల మనసులో ఏముందో అంతా తెలిసిపోయిందనుకునే అలవాటు ఉండేది; ఆ అలవాటును వెంటబెట్టుకునే ఆమె నెల్లూరు జిల్లా పల్లెల్లోకి సినిమా తీయడానికి వచ్చింది.

పెద్ద సినిమా ఏమీ కాదు. ఒక కెమెరా, ఇద్దరు స్నేహితులు, ఓ పాత జీపు. రోడ్ల మీదే పెరిగే ఒక అమ్మాయి కథ తీయాలని ఆమె కోరిక. అలాంటి అమ్మాయి కాలువ గట్టు మీద దొరకనే దొరికింది. పేరు చెంగమ్మ, వయసు పదిహేనేళ్లు. తండ్రి పెంచలయ్యతో కలిసి మూడు వందల బాతులను తోలుకుంటూ, కోతలైన పొలాల వెంట ఊరూరూ తిరిగేది. రాలిన గింజలు, నత్తలు బాతులకు మేత. ఆ బాతుల గుడ్లే వీళ్లకు తిండీ బట్టా.

మేదిని రెండు రోజులు వాళ్ల వెనకే నడిచింది. ఊళ్లోకి వచ్చినప్పుడల్లా చెంగమ్మ ప్రతి ఇంటి గేటు ముందూ కాసేపు ఆగి, లోపలికి తొంగి చూసి కదిలేది. అది చూసి మేదిని కళ్లు చెమ్మగిల్లాయి.

"పాపం, సొంత ఇల్లు లేదని ఎంత బెంగో!" అంది స్నేహితులతో.

ఆ పూటే చివరి సన్నివేశం రాసేసింది. అమ్మాయి గేటు ముందు నిలబడుతుంది, గేటు తెరుచుకుంటుంది, అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తుంది. అడిగితే చెప్పే మనిషి పది అడుగుల దూరంలోనే ఉంది. అయినా అడగలేదు. అన్నీ తెలిసిపోయాక అడగడమెందుకు మరి!

మర్నాడు పొద్దున్నే ఊరి చివరి ఇంటి ముందు చెంగమ్మను నిలబెట్టారు. ఇంటివాళ్లు పొలానికి వెళ్లినట్టున్నారు, వాళ్లనూ అడగలేదు. బాతులు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి.

"అక్కా, ఈ గేటు తియ్యబాకండి," అంది చెంగమ్మ.

"ఆ భయమే మొహంలో కావాలి! మాట్లాడకు, అలాగే చూడు," అని మేదిని మురిసిపోతూ స్నేహితుడికి సైగ చేసింది.

గేటు తెరుచుకుంది. లోపలి నుంచి రెండు కుక్కలు బాణాల్లా దూసుకొచ్చాయి. బాతులు కకావికలై కొన్ని చేలల్లోకి, కొన్ని కాలువలోకి పోయాయి. పెంచలయ్య కర్ర ఎత్తి అరుస్తూ పరిగెత్తాడు. మేదిని కెమెరా వదిలేసి నడుములోతు నీళ్లలోకి దిగింది. సాయంత్రం దాకా వెతికితే ఎనిమిది తప్ప అన్నీ దొరికాయి. ఆ ఎనిమిదీ కుక్కల పాలయ్యాయి.

"గేట్ల కాడ నేను ఆగేది లోపల కుక్క ఉండాదేమో చూసేదానికక్కా," అంది చెంగమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని గదా!"

మేదినికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పెంచలయ్యకు చేతులు జోడించి, ఎనిమిది బాతులూ కొనిచ్చేదాకా ఊరు కదలనంది. రాసిన కాగితాలు సంచిలో కుక్కేసి చెంగమ్మ పక్కన కూర్చుంది.

"నీకు ఇల్లు లేదని బెంగ లేదా?"

"రోజూ ఆ గోడలే చూస్తా ఉంటే ఇళ్లల్లో ఉండేవాళ్లకు విసుగు పుట్టదా అక్కా?"

"మరి నీకేం కావాలి?"

ఈసారి మేదిని జవాబు కోసం ఆగింది. చాలాసేపే ఆగాల్సి వచ్చింది.

"దిగిన ప్రతి ఊళ్లో బడికి పోతా ఉంటానక్కా. పోయిన మూడు ఊళ్లలోనూ సూర్యగ్రహణం పాఠమే మొదలుపెట్టినారు. అయిపోయేలోగా మేం కదిలిపోతిమి. గ్రహణం పట్టేది మూడుసార్లు విన్నా, విడిచేది ఒక్కసారీ వినలా. అదెట్టనో తెలుసుకోవాల."

మేదిని జీపు లైటు వేయించి, అదే సూర్యుడంది. రెండు బాతు గుడ్లు తెచ్చి, ఒకటి భూమి, ఒకటి చంద్రుడని చెప్పి, చిన్నగా జరుపుతూ గ్రహణం విడిపించింది. పెంచలయ్య కూడా వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. స్నేహితుడు అదంతా కెమెరాలో పట్టాడు; మేదిని సినిమా ఆ వెలుగుతోనే ముగిసింది. అందులో ఎవరూ ఏడవలేదు.

నీతి: చూసినంత మాత్రాన మనిషి మనసు తెలిసిపోయిందనుకోకూడదు, అడగాలి, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి.