మూడో బోల్టు

అనగనగనగా, మబ్బులు ఇంటి చూరుల దాకా దిగొచ్చే కొండల మీద నేరేడుపుట్టు అని ఒక ఊరుండేది. ఎన్నిళ్ళనుకున్నావు? ఇరవై అంటే ఇరవై. ఆ ఊరికి బస్సు రాదు, ఆటో ఎక్కలేదు. రాళ్ళూ గుంతలూ నిండిన ఎర్రమట్టి దారొకటి, ఆ దారిన తిరిగే పాత జీపొకటి. అంతే.

ఆ జీపు సుక్రుది. శుక్రవారం పుట్టాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టుకుంది. ప్రతి గురువారం ఊళ్ళోవాళ్ళనీ, వాళ్ళ పసుపునీ, చింతపండునీ, కాళ్ళు కట్టేసిన కోళ్ళనీ ఎక్కించుకుని కొండ దిగి సంతకు తీసుకెళ్ళేవాడు. పొద్దు వాలేలోగా మళ్ళీ పైకి తెచ్చేవాడు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి కాన్పు నొప్పులొచ్చినా ఆ జీపే దిక్కు.

ఆ ఊళ్ళోనే బుద్రమ్మ అని ఒక ముసలామె. మోకాళ్ళు వంగవు, జీపు వెనక ఎక్కలేదు. అందుకని ముందు సీట్లో ఎడం పక్క తలుపు దగ్గర చోటు ఆమెది. పసుపు మూట ఒళ్ళో పెట్టుకుని, తలుపుకి భుజం ఆనించి, కునికిపాట్లు పడుతూ వెళ్ళేది.

ఆ తలుపుని పైన పట్టుకునే మడతబందుకి మూడు బోల్టులు. కొండల్లో వాన నీకు తెలీదు అమ్మలూ, పట్టిందంటే నెలల తరబడి వదలదు. ఆ తడికి బోల్టులు తుప్పు పట్టాయి. తలుపు తీస్తే కీచుమనేది. వేస్తే ఎర్రటి పొడి రాలేది.

మొదట పెళ్ళాం దొయిమతి చెప్పింది, ఆ బోల్టులు మార్చమని. సంత అయ్యాక చూద్దాంలే అన్నాడు సుక్రు. ఆ తర్వాత సంతలో ఇంకో జీపు డ్రైవరు చెప్పాడు. వాన వెలిశాక చూద్దాంలే అన్నాడు. ఆ తర్వాత బుద్రమ్మే చెప్పింది.

"ఒరే సుక్రూ, ఈ తలుపు నా పళ్ళలాగే కదులుతోందిరా!"

జీపులో అందరూ నవ్వారు. సుక్రూ నవ్వాడు.

అప్పుడొక గురువారం, సంత నుంచి పైకొస్తుంటే, బాగా ఏటవాలుగా ఉండే మలుపు దగ్గర చక్రం ఒక రాయెక్కి దిగింది. పై మడతబందు విరిగి ఊడొచ్చింది. తలుపు పక్కకి ఒరిగి తెరుచుకుపోయింది. దానికి ఆనుకుని నిద్రపోతున్న బుద్రమ్మ, ఒళ్ళోని మూటతో సహా, రాళ్ళ మీద పడిపోయింది.

బతికింది అమ్మలూ, భయపడకు. బతికింది. కానీ తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో నలభై రోజులున్నాక, ఇంక ఈ వయసులో నడవలేదని చెప్పి పంపేశారు. నలుగురు మోసుకొచ్చి, దారి మొదట్లో ఉన్న ఆమె ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టారు.

సుక్రు వెళ్ళి కాళ్ళ దగ్గర కూచున్నాడు. ఆమే అంది, "నువ్వేం చేస్తావు నాయినా? పాడు తుప్పు, పాడు మలుపు. నీ తప్పేముంది?" ఎవరైనా సుక్రుని ఒక్క మాటంటే, మంచం మీంచే వాళ్ళని కేకలేసేది.

తిట్టినా బాగుండేది. అలా అనుకుంటూ సుక్రు ఇంటికెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జీపు కదల్లేదు. ఊడిన తలుపుని ఎవరో తాడుతో కట్టారు. సుక్రు దాని వంక చూడలేకపోయాడు. జీపు మీద ఆకులు రాలాయి, సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. ఊళ్ళోవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఏడు మైళ్ళు నడిచి దిగారు, ఏడు మైళ్ళు ఎక్కారు. ఒక పిల్లకి కాన్పు కష్టమైతే కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోశారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

అది విన్న రోజు సుక్రు లేచాడు. పానా తీశాడు, సుత్తి తీశాడు, ఉలి తీశాడు. తాడు విప్పి తలుపు దింపాడు. బందు విరిగి ఊడొచ్చినా, దాని ముక్క ఒకటి జీపుకే అంటుకుని ఉంది. మూడు బోల్టులూ అందులోనే ఉన్నాయి.

మొదటి బోల్టు మొండికేసింది. పానా వేస్తే జారింది. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టాడు. మూడో రోజు కీచుమని ఏడుస్తూ తిరిగింది. బయటికి తీస్తే ఎలుక కొరికిన చెరుకుముక్కలా సన్నగా అయిపోయి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూచున్నాడు.

అప్పుడు రెండో బోల్టు పట్టాడు. అది తల విరిగి చేతికొచ్చింది, ఒళ్ళు లోపలే ఉండిపోయింది. ఉలి పెట్టి కొట్టాడు. ఆ రోజంతా కొట్టాడు, మర్నాడూ కొట్టాడు. వేళ్ళ కణుపులు చిట్లి నెత్తురొచ్చింది. దొయిమతి గుడ్డ తెచ్చి కట్టబోతే చెయ్యి లాగేసుకున్నాడు. మూడో రోజుకి అది పొడిపొడిగా రాలిపోయింది.

ఆ తర్వాత మూడో బోల్టు. దాని మీద మందంగా నీలం రంగు ఉంది. పానా పట్టలేదు. రంగు గీకి చూశాడు. గీకి చూసి, అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

అది బోల్టు కాదు అమ్మలూ. మేకు. గోడకి కొడతారే, ఆ మేకు. రెండేళ్ళ కిందట ఒక వానలో ఆ బోల్టు ఎక్కడో ఊడి పడిపోతే, ఇంటికెళ్ళేదాకా ఉంటుందిలే అని ఆ చిల్లులో ఒక మేకు దోపి వంచాడు. రేపు మారుద్దాం అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. పండక్కి జీపుకి రంగులేస్తూ దాని మీదా ఒక పూత పూశాడు. పూసి మర్చిపోయాడు.

మొదటి రెండింటినీ ఊడదియ్యడానికి ఆరు రోజులు పట్టింది. మేకు రెండు వేళ్ళతో లాగితే వచ్చేసింది.

ఇన్నాళ్ళూ తుప్పుదే తప్పనుకున్నాడు. ఇప్పుడు తప్పు తుప్పు మీదకి నెట్టే వీలు కూడా లేకుండా పోయింది. మేకు పట్టుకుని లోయ అంచుకి వెళ్ళాడు. ఇసిరేస్తే ఎవరికీ తెలీదు. ఇసరడానికి మూడుసార్లు చెయ్యెత్తాడు. మూడుసార్లూ దించేశాడు. అప్పుడు బుద్రమ్మ ఇంటికి నడిచాడు.

"పెద్దమ్మా, ఇది చూడు."

"ఏట్రా ఇది? మేకా?"

"బోల్టు ఉండాల్సిన చోట ఇదుంది. రెండేళ్ళ కిందట పెట్టింది నేనే. పెట్టి మర్చిపోయాను."

బుద్రమ్మ మేకుని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. దాని వంపుని వేలితో తడిమింది.

"రెండేళ్ళూ నేను దీని మీద ఆనుకుని నిద్రపోయానా?" అంది.

అంతే. మేకుని దుప్పటి మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుంది. సుక్రు నేల మీద కూచున్నాడు. చీకటి పడింది. బుద్రమ్మ కూతురు వచ్చి, "ఇంక వెళ్ళన్నా" అంది. వెళ్ళాడు.

ఆ తర్వాత సుక్రు ఏడు మైళ్ళు నడిచి వెళ్ళి, కొత్త బందూ మూడు కొత్త బోల్టులూ తెచ్చాడు. చిల్లులు శుభ్రం చేసి, నూనె రాసి, బిగించాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, చప్పుడు లేకుండా మూసుకుంది. అంత చక్కగా మూసుకున్న తలుపుని చూసి, జీపు వెనక్కి పోయి ఏడ్చాడు. ఇంత చిన్న పని, ఇంత చిన్న పని అని ఏడ్చాడు.

గురువారం మళ్ళీ జీపు కదిలింది. జనం ఎక్కారు, ఎక్కక ఏం చేస్తారు? ఎడం పక్క సీట్లో మాత్రం ఎవరూ కూచోలేదు. దారి మొదట్లో, బుద్రమ్మ కిటికీ ముందు, సుక్రు జీపు ఆపి దిగాడు. పానా తీసుకుని ఒకటి, రెండు, మూడు, ఒక్కో బోల్టునీ బిగించి చూశాడు. ఇనుము మీద ఇనుము పడి టక్కు, టక్కు, టక్కు అంది. కిటికీలోంచి ఆమె వీపు కనిపించింది. తిరగలేదు.

అలా ఎన్ని గురువారాలో! సుక్రు దిగేవాడు, మూడూ చూసేవాడు, ఎక్కేవాడు. ఆమె మాట్లాడేది కాదు. పండో ఫలమో పంపితే కూతురు తిప్పి పంపేసేది, తల్లి వద్దంటోందని.

అప్పుడొక గురువారం కుండపోతగా వాన. పసుపు తడిసిపోతోందని వెనక జనం గోల పెట్టారు. సుక్రు దిగాడు. ఒకటి బిగించాడు. రెండు బిగించాడు. "పదరా బాబూ, పద!" అని అరిచారు. పానా జేబులో పెట్టుకుని ఎక్కబోయాడు.

"మూడోది."

కిటికీలోంచి వచ్చిందా మాట. సుక్రు వెనక్కి వచ్చి, మూడో బోల్టుకి పానా వేశాడు. అది గట్టిగానే ఉంది. అయినా ఇంకోసారి బిగించాడు.

క్షమించిందా అంటావా? ఏమో, నాకు తెలీదు అమ్మలూ. ఆమె ఉన్నన్నాళ్ళూ మొహం ఇటు తిప్పలేదు. కానీ ప్రతి గురువారం గోడవైపు తిరిగే, మూడూ లెక్కపెట్టేది.

కథేమో కంచికి,
జీపేమో సంతకి,
కునుకేమో కంటికి.