దున్నపోతు మీసం

పరాంకుశం మేష్టారిని ఏదైనా అడిగితే ముందు పెన్సిలు చెక్కుకునేవారు. జవాబు చెప్పడం ఇష్టం లేక కాదు, ఈలోగా అడిగినవాడికి తన ప్రశ్న తనకే వినపడుతుందని. కోడంబాకంలో ఒక చిన్న స్టూడియోలో ఆయన మాకు కదిలే బొమ్మలు గీయడం నేర్పేవారు. అసలు సినిమాకు ముందు ఆరు నిమిషాలు ఆడే తమాషాలు అవి. ఒక జంతువు తరుముతుంది, ఇంకొకటి పారిపోతుంది, మధ్యలో రోకళ్లూ పెనాలూ ఎగురుతాయి. దెబ్బ తిన్నది అప్పడంలా అయిపోయి, మళ్లీ లేచి నిలబడుతుంది.

ఆ రోజు అడిగినవాడు మృత్యుంజయుడు, నా పక్క బల్లవాడు. అడగడం కాదు, అరిచాడు. "ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు! ఎందుకండీ?"

వాడి కోపానికి కారణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోడిపుంజు సైకిలు నేర్చుకునే బొమ్మ ఒకటి వాడే ఏడు నెలలు కూర్చుని గీశాడు. తీరా తెర మీద పడిన పేరు స్టూడియో యజమాని శేషావతారం గారి బావమరిదిది. ఆ మహానుభావుడికి సున్నా గుండ్రంగా చుట్టడం రాదు. మృత్యుంజయుడు తల్లిని హాలుకు తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆవిడ కొడుకు పేరు కోసం ఆఖరిదాకా వెతుక్కుని, "నాకు చదవడం అంతంతమాత్రం కదరా, నేనే చూసుకోలేకపోయుంటాను" అందట. పరాయివాడి కష్టం తిన్నవాళ్లకి అన్నం ఎలా అరుగుతుందో నాకు తెలీదు.

కొత్త బొమ్మలో ఒక దున్నపోతూ, గూడు అల్లుకునే ఒక గిజిగాడూ ఉన్నాయి. మృత్యుంజయుడు దున్నపోతుకు శేషావతారం గారి మెలితిప్పిన మీసం పెట్టాడు, ఆయన జరీకండువా వేశాడు. మొదటి నిమిషంలోనే గిజిగాడి చేత పదకొండు రోకలిపోట్లు పొడిపించాడు. ఎంత కసిగా గీశాడంటే కొన్ని కాగితాలకు చిల్లులు పడ్డాయి. ఆ పెన్సిలు బొమ్మలనే ఫిల్ము తీసి మాకందరికీ వేసి చూపించారు. మీసాన్ని గుర్తుపట్టనివాడు లేడు, నవ్వినవాడూ లేడు. కాఫీలు తెచ్చే సూరమ్మ అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం, నోరులేని గొడ్డును ఎందుకయ్యా అట్టా చావగొడతారు?" అంది.

శేషావతారం మీద జాలి! మృత్యుంజయుడికి తిక్క రేగింది. బొమ్మల కట్ట తెచ్చి మేష్టారి బల్ల మీద పడేశాడు. అన్నీ చించేసి ఇవాళే ఈ పని మానేసి పోతానన్నాడు. "చెప్పండి, నా కోపంలో న్యాయం లేదా?"

మేష్టారు పెన్సిలు చెక్కడం ముగించి కట్ట అందుకున్నారు. అంచు మీద బొటనవేలు జార్చారు. బొమ్మలు కదిలాయి. పోటు, పోటు, పోటు.

"దున్నపోతు ఏం చేసింది?" అన్నారు.

"ఏం చేసిందా! మీకు తెలీదా?"

"నాకు తెలుసు. సూరమ్మకు తెలుసా?"

మృత్యుంజయుడు వంగి కట్టలో మొదటి కాగితం చూశాడు. వాడు దెబ్బలు గీశాడు గానీ నేరం గీయడం మరిచిపోయాడు. అది పగలూ రాత్రీ వాడి కళ్ల ముందే ఆడుతూండటంతో కాగితం మీద కూడా ఉందనుకున్నాడు.

మేష్టారు పదకొండు పోట్లూ పక్కన పెట్టేశారు. కింద దీపం వెలిగే అద్దపు బల్ల దగ్గర కూర్చుని, భోజనానికి కూడా లేవకుండా గీశారు. గిజిగాడు ఒక్కొక్క పోచే తెచ్చి గూడు అల్లి, అలిసిపోయి నిద్రపోతుంది. దున్నపోతు మునికాళ్ల మీద వచ్చి ఆ గూడు తన కొమ్ముకు తగిలించుకుని, మెడలో దండ వేసుకుని, మీసం దువ్వుకుంటుంది. అడగడానికి వచ్చిన పిట్ట మీదికి రోకలి ఎత్తుతుంది. ఆ బరువు ఆపుకోలేక తన డెక్క మీదే దించుకుంటుంది. మీసం మేష్టారు చెరపలేదు, పైగా దానికి ఇంకాస్త నూనె రాశారు. గీస్తున్నంతసేపూ ఆయన దవడ బిగిసే ఉంది. ఆయన పేరు కూడా ఆ స్టూడియో తెర మీద ఏనాడూ పడలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

సాయంత్రం కాఫీ తెచ్చిన సూరమ్మ ముందు కట్ట తిప్పారు. గ్లాసులు గలగలలాడేటట్టు నవ్వింది. "తగిన శాస్తి జరిగింది సచ్చినోడికి!" అంది.

ఆ నవ్వు విని శేషావతారం గారే లోపలికి వచ్చారు. "ఏమిటయ్యా, నాకూ చూపించండి." చూశారు. పొట్ట పట్టుకుని నవ్వారు. "మళ్లీ తిప్పండి, మళ్లీ!" అంటూ అలవాటు కొద్దీ మీసం దువ్వబోయారు. కాగితం మీద దున్నపోతు కూడా సరిగ్గా అప్పుడే దువ్వుతోంది. ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆయన కండువా తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మృత్యుంజయుడు మేష్టారి బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆయన నా పేరు వేస్తాడో లేదో. మరి ఈ కోపాన్ని ఏం చేసుకోమంటారు మేష్టారూ?"

మేష్టారు చెక్కిన పెన్సిలు వాడి చేతికిచ్చారు.

"ఉంచుకో. ఇంకా అయిదు నిమిషాల బొమ్మ గీయాలి."