గురుబారిని దాటకు

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. మబ్బులు చూరు కిందికొచ్చి కూర్చునే కాలం. అప్పుడొక పెద్ద కొండ ఉండేది. అడుగున ఒక గూడెం, శిఖరాన ఒక గూడెం. నడుమ ఒకదాని మీదొకటిగా మూడు ఎత్తులు, కొండ భుజాలంటారు వాటిని. మొదటిది నిలువు. రెండోది రాయి. మూడోది ఊపిరి తీసేది.

కిందగూడెంలో గురుబారి అని ఒక ఆడమనిషి. గురువారం పుట్టింది గనక గురుబారి. సంతలో ఉప్పు కొని, గంప నెత్తిన పెట్టుకుని పైగూడేనికి మోసేది. అదే ఆమె బతుకు.

ఏటా కొత్త కొర్రలు తినే కొర్రకొత్తల పండగనాడు కొండ పందెం. కింద డప్పు మోగగానే కదలాలి. పైన బండను ముందు తాకినవాళ్లదే గెలుపు. వయసులో ఉండగా గురుబారి ఒక్కసారీ గెలవలేదు. మొదటి భుజం మీద లేడిలా ఉరికేది, రెండో భుజం మీద కూలబడేది. పిల్లల తల్లయ్యాక గెలిచింది. మనవలు పుట్టాక ఇంకా తొందరగా ఎక్కింది. జుట్టు నెరిసింది. అప్పుడూ ఆమే గెలిచింది.

"వయసొస్తే కాళ్లు తగ్గాలి గదా, ఈమెకేంటి ఇలాగ?" అని జనానికి ఒకటే వింత. ఏదో వేరు నములుతోందన్నారు కొందరు. కొండదేవత పూనుతోందన్నారు ఇంకొందరు.

డొంబురు అనే పడుచువాడు అదేంటో తేల్చుకోవాలనుకున్నాడు. గూడెంలో అంత చురుకైన కాళ్లు ఇంకెవరికీ లేవు. ఒక ఏడు ఆమెకు ముందు పరిగెత్తాడు. రెండో భుజం మీద రొప్పుతుంటే ఆమె దాటిపోయింది. మరో ఏడు ఆమె పక్కన నడుస్తూ, మధ్యమధ్య ఆగలేక ఉరికాడు. మూడో భుజం మీద ఆమె దాటిపోయింది. మూడో ఏడు ఆమె వెనకే నడిచాడు. మొదటి భుజం మీద అతనికి ఆవలింతలొచ్చాయి.

"మామ్మా, ఇది పందెమా, పెళ్లి ఊరేగింపా?"

"మాట్లాడగలుగుతున్నావా?"

"ఆఁ."

"అయితే సరైన నడకే. మాట ఆగిందంటే ఊపిరి చేజారినట్టే."

ఆ ఏడు ఇద్దరూ కలిసే బండను తాకారు.

"నీకిదెవరు నేర్పారు మామ్మా?"

"ఎవరు నేర్పుతారు? పడ్డాను, పడ్డాను, మళ్లీ పడ్డాను."

తర్వాత ఆమెకు నిజంగానే ముసలితనం వచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. పందెం మానేసింది.

ఒక ఎండాకాలం పడమటి లోయలో కార్చిచ్చు లేచింది. గాలి దాన్ని పైకి తోస్తోంది. పైగూడెం జనమంతా కొండకు అటువైపు పోడు చేలో ఉన్నారు. వాళ్లకు పొగ కనబడదు. కింద డప్పు కొట్టినా వినబడదు. డొంబురు అక్క, ఆమె చంటిబిడ్డ అక్కడే ఉన్నారు. అతను తూర్పు దారిన ఉరకబోయాడు. గురుబారి చెయ్యి పట్టుకుంది.

"ఆగు."

"మా అక్క పైనుంది మామ్మా!"

"అందుకే ఆగు. నా వెనకే రా. నన్ను దాటకు."

కర్ర పట్టుకుని ఆమె ముందు నడిచింది. లోయలో వెదుళ్లు ఫెళఫెళ పేలుతున్నాయి. డొంబురు కళ్లమ్మట నీళ్లు. "నన్ను పోనియ్యి మామ్మా" అన్నాడు. ఆమె పోనివ్వలేదు. మళ్లీ అడిగాడు. పోనివ్వలేదు. మొదటి భుజం పైకి చేరాక ఆమె కాళ్లు మడతపడ్డాయి. అక్కడే చతికిలబడింది.

"నా వంతు ఇంతే. ఇక పో!"

రెండో భుజం మీద అతను ఆగలేదు. మూడో భుజం మీదా ఆగలేదు. అటువైపుకు చేరేసరికి కేక వెయ్యడానికి గొంతులో ఊపిరి ఇంకా మిగిలే ఉంది. జనం పిల్లల్ని చంకనేసుకుని వాగు వెంట దిగిపోయారు. ఇళ్లు కాలాయి. మనుషులు దక్కారు.

అంత తొందరగా ఆ కొండ అంతకుముందు ఎవరూ ఎక్కలేదు. తర్వాతా ఎక్కలేదు. ఆ ఘనత నీదేరా అంటే డొంబురు ఒప్పుకునేవాడు కాదు. "ఇద్దరిదీ" అనేవాడు.

ఆ రోజు తిరిగొచ్చి ఆమెను వీపున మోసుకుని దిగాడు. దారిలో ఆమె అడిగింది.

"ఆయాసం ఎక్కడొచ్చిందిరా?"

"మూడో భుజం చివర."

"నాకూ అక్కడే వచ్చేది" అని నవ్వింది.

కొన్ని వానాకాలాలకు గురుబారి పోయింది. ఆ ఏడు పండగకు డప్పు మోగింది. డొంబురు పరిగెత్తలేదు. గూడెంలో అందరికంటే పెద్ద ముసలమ్మను చెయ్యి పట్టి తెచ్చి ముందు నిలబెట్టాడు. తక్కినవాళ్లు ఒకరినొకరు చూసుకుని వెనకే నిలబడ్డారు.

ఇప్పటికీ అక్కడ పందెం అలాగే మొదలవుతుందట. మొదటి భుజం దాకా వయసులో అందరికంటే పెద్దమనిషే ముందు. ఎంత చురుకైన కాళ్లున్నా వెనకే నడవాలి. ఆ భుజం పైకి చేరాక ఆ పెద్దమనిషి పక్కకు జరిగి "ఇక పో!" అంటే అప్పుడు పరుగు. పందెం లేని రోజున కూడా, కొండ మొదట్లోనే ఎవరైనా తొందరపడితే వెనకనుంచి ఒక మాట వినబడుతుంది.

"ఒరే, గురుబారిని దాటకు!"