ఎర్ర సిలువ అంగీ

గెరిన్ అయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు చేతికి పని ఇచ్చేవాడు. జవాబు ఆ తరవాత. సముద్రపుటొడ్డు కోటలో యాత్రికుల కోసం నడిచే ఆసుపత్రికి ఆయన పెద్ద. అక్కడివాళ్ళంతా క్రీస్తు పేరున యుద్ధం చేసే సన్యాసులు. పెళ్ళాం వద్దు, పొలం వద్దు, సొంత చెంచా కూడా వద్దని ఒట్టు పెట్టుకుని, కత్తి మాత్రం వదలనివాళ్ళు. వదలమని వాళ్ళని అడిగినవాడూ లేడు లెండి.

తియెరీ అనే శిష్యుడికి మర్నాడు దీక్ష. ఎర్ర సిలువ కుట్టిన బూడిదరంగు అంగీ ఒకసారి భుజాల మీద పడితే, చచ్చేదాకా వెనక్కి ఇచ్చేది లేదు. కట్లు కట్టే గుడ్డలు చింపుతూ అడిగాడు.

"అయ్యగారూ, అది కప్పుకున్నాక నేను మంచివాణ్ణవుతానా? కాననుకుంటే ఇప్పుడే చెప్పండి, ఇంటికి పోతాను."

"ఇంకా సన్నగా చింపు," అన్నాడు గెరిన్. ఆ తరవాత ఇది చెప్పాడు.

ఒకప్పుడు ఇక్కడికే నుమాన్ అనే ముస్లిం రైతుని మోసుకొచ్చారు. కాలు కుళ్ళిపోయింది. మన నియమం నీకు తెలుసు. గడప దాటి వచ్చిన రోగి ఏ మతంవాడైనా మనకి ప్రభువే, ఆయన తిన్నాకే మనం తినాలి. ఒదో అనే యోధుణ్ణి ఆయన సేవకి పెట్టారు. ఒదో గిన్నె పట్టుకుని దగ్గరికి రాగానే నుమాన్ గోడవైపు తిరిగేవాడు. మూడు రోజులు చుక్క గంజి దిగలేదు. నియమం ప్రకారం ఒదోకీ పస్తే.

నాలుగో రోజు ఒదోకి ఒళ్ళు మండింది. "ప్రభూ, చస్తే నువ్వు చావు, నన్నెందుకు చంపుతావు? ఇందులో విషం కలిపాననుకున్నావా?"

"మా ఊరు తగలబెట్టింది ఈ అంగీవాళ్ళే."

"ఆ రోజు నేను లేను."

"అంగీ ఉంది కదా."

ఒదో గిన్నె కింద పెట్టాడు. అంగీ లేకుండా నలుగురి కంటా పడితే నలభై రోజులు కుక్కల పక్కన, నేల మీద తిండి. అదీ మన నియమమే. అయినా విప్పి తలుపవతల పెట్టి వచ్చి, గంజి పట్టాడు. నుమాన్ తాగాడు.

పెద్దలు సభ పెట్టి నిలదీశారు. "సిలువని చూసి సిగ్గుపడ్డావా?"

"నా ప్రభువుకి ఆకలేసింది," అన్నాడు ఒదో.

శిక్ష తప్పలేదు. పూటపూటా అంగీ విప్పుతూనే ఉన్నాడు గనక సభ మరో రెండుసార్లు కూడింది, నలభై రోజులు కాస్తా నూట ఇరవై అయ్యాయి. ఈలోగా నుమాన్ కాలు మానింది. కర్ర పోటేసుకుంటూ ఇంటిదారి పట్టాడు.

తియెరీ చేతులు ఆగిపోయాయి. "అంత శిక్ష వేసిన ఆ పెద్దలు ఎలాంటి మనుషులండీ!"

"వాళ్ళలో నేనూ ఉన్నాను," అన్నాడు గెరిన్.

తియెరీ ఇంకో గుడ్డ అందుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మరి రేపు కప్పుకోమంటారా, వద్దంటారా?"

గెరిన్ గుడ్డలన్నీ చుట్టి పక్కన పెట్టాడు.

"కప్పుకో. మెడ దగ్గర ముడి మాత్రం నీ చేత్తో ఊడేలా వేసుకో."