సభకి ముందే రాసిన చప్పట్లు

సిరా ఆరిపోయి ఉంది.

వకుళ మనసులో మొట్టమొదట కలుక్కుమన్నది సరిగ్గా అప్పుడే. దివాను గరుడాచలం ఇచ్చిన కాగితం మీద బొటనవేలు పొరపాటున రాసుకుంది. మచ్చ పడలేదు. కాగితంలో ఇలా ఉంది: "ఈరోజు కొలువైన పట్నసభ, వలల దిబ్బ మీద మహారాజావారి విగ్రహం నిలబెట్టి చుట్టూ పూలతోట వెయ్యడానికి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. సభ్యులు మూడుసార్లు చప్పట్లు కొట్టారు."

అంతా బాగానే ఉంది. కాకపోతే సభ ఇంకా మొదలవలేదు. అది మధ్యాహ్నానికి గానీ కూర్చోదు. ఇప్పుడింకా చద్దన్నాల వేళ.

"దివానుగారూ, ఇది పోయినవారం సభదా అండీ?"

"పోయినవారం సభ ఎక్కడుందమ్మా? ఇవాళ్టిదే."

"ఇవాళ్టిది ఇంకా జరగలేదు కదండీ?"

"జరిగాక రాసుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది. నీకు పని తగ్గించాను. సంతోషించు," అని దివాను ఉత్తరీయం సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇది ఏ రాజ్యం, ఏ కాలం అని అడక్కండి. సముద్రం పక్కన శంఖరేవు అని ఒక పట్నం ఉండేది, దానికొక రాజు ఉండేవాడు. అంతవరకు తెలిస్తే చాలు. ఆ రాజు పేరు గజకేసరి. పేరుకి ముందు బిరుదులు పదకొండు. వాటిల్లో మొదటిది సప్తసాగర గంభీర. పడవెక్కితే మాత్రం ఆయనకి వాంతులు. అందుకని సముద్రాన్ని ఎప్పుడూ కోట కిటికీలోంచే చూసేవాడు.

ఆ పట్నంలో రేవు దగ్గర నల్లటి రాతిపలక ఒకటి ఉండేది. వార్తల బండ అనేవాళ్ళు. పట్నసభలో ఏం జరిగిందో, సభ లేని రోజున ఊళ్ళో ఏం జరిగిందో, సాయంత్రానికల్లా సుద్దతో దాని మీద రాయాలి. మర్నాడు పొద్దున్నే జనం ముందు పైకి చదవాలి. జనం "విన్నాం" అనాలి. అన్నారంటే, అది చట్టం. తాతల నాటినుంచీ పద్ధతి అదే.

ఆ బండకి ఇంకో పద్ధతి కూడా ఉంది. దాని మీద పడిన మాటని మళ్ళీ సభ దాకా ఎవరూ చెరపకూడదు, రాజైనా సరే. ఒకవేళ అందులో ఒక్క మాట అబద్ధమని తేలితే, రాజే స్వయంగా బండ దగ్గరకొచ్చి అందరి ముందూ "ఇది అబద్ధం" అనాలి. అప్పుడు బండ మొత్తాన్నీ ఉప్పునీళ్ళతో కడిగేస్తారు. నిజం, అబద్ధం అని ఏరడం ఉండదు. అలా కడిగిన మాటల్ని ఏడాది దాకా మళ్ళీ రాయకూడదు. అయితే గజకేసరి తాత కాలం నుంచీ ఏ రాజూ అలా వచ్చి అనలేదు. ఏ రాజు అంటాడు లెండి!

ఆ బండ మీద రాసి చదివే ఉద్యోగం వకుళది. ఎక్కడో ఏటికి ఎగువన ఉన్న ఊరు ఆమెది. రాజుగారి విద్యాశాలలో అన్ని పరీక్షలూ నెగ్గి, పట్టా చేతపట్టుకుని, నాలుగు నెలల కిందటే ఈ పట్నం వచ్చింది. జాలారి నూకాలమ్మ ఇంటి వెనక ఒక చిన్న గదిలో ఉంటోంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఇంతమందికి వార్తలు చెప్పే పని కదా, ఇంతమందీ తనవాళ్ళవుతారనుకుంది. అలా జరగలేదు. ఆమె చేపల బజారులోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. "కోట మనిషి వస్తంది, ఊరుకోండి," అని ఎవరో అనేవాళ్ళు. కోటకెళ్తే అక్కడి గుమాస్తాలు, "రేవు మనిషి. చేపల కంపు," అని ముక్కులు మూసుకునేవాళ్ళు. పొద్దున్నే మూడొందలమంది ఆమె గొంతు కోసం వచ్చేవాళ్ళు. "విన్నాం" అనేసి పోయేవాళ్ళు. చాలా రోజులు ఆమెతో మనుషులు మాట్లాడే మాట ఆ ఒక్కటే. తక్కిన రోజంతా ఆమె తన గొంతు మర్చిపోకుండా సముద్రంతో ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉండేది.

నూకాలమ్మ ఒక్కతీ అప్పుడప్పుడు గుమ్మంలోంచి తొంగిచూసి, "తిన్నావేటే గుంటా?" అని అడిగి, జవాబు వినకుండానే పోయేది. ఆ మాటకే వకుళకి కళ్ళు చెమ్మగిల్లేవి.

ఇక వలల దిబ్బ సంగతి. పోటు నీళ్ళు అందని ఇసకమిట్ట అదొక్కటే. పట్నంలో వలలన్నీ ఆరేది దాని మీదే. పడవలు లాగిపెట్టేదీ, చేపలు ఎండబెట్టేదీ, చిరిగిన వలలు బాగుచేసుకునేదీ అక్కడే. తడి వల రెండు రోజులు కుప్పగా పడుంటే మురిగిపోతుంది. దిబ్బ పోతే వలలు పోతాయి. వలలు పోతే ఆ పేటలో ఒక్క గడప మిగలదు. వకుళ కంగారు పడింది ఊరికే కాదు.

మధ్యాహ్నం సభ కూర్చుంది. దివాను లేచి విగ్రహం గురించి చెప్పాడు. ఓడలవాళ్ళకి దూరం నుంచి ముందుగా మహారాజావారి మొహమే కనపడాలట. సభ్యులు ఇరవైమందీ తమ కాళ్ళ వంక చూసుకున్నారు. అప్పుడు వెనక కూర్చున్న పట్నం జనంలోంచి నూకాలమ్మ లేచింది.

"బాబూ, ఆ విగ్రహం కోట మీద పెట్టుకోండి. ఇంకా ఎత్తుగా అవుపిస్తారు. దిబ్బ తీసేత్తే మా వలలు మీ పందిరి మంచం మీద ఆరేసుకోమంటారేటి?"

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గులోకి మార్చేశారు. దివాను చెయ్యెత్తి, "మీ మాట నమోదైంది, కూర్చోండి," అన్నాడు. ఎక్కడ నమోదైందో ఆయనకే తెలియాలి. చప్పట్లు ఒక్కసారి కూడా మోగలేదు.

సభ ముగిశాక వకుళ ధైర్యం కూడగట్టుకుని రాజు దగ్గరికి వెళ్ళింది. దివాను ఇచ్చిన కాగితం ముందుకు చాపింది.

"ప్రభూ, నూకాలమ్మగారన్న మాట కూడా రాయమంటారా? ఆవిడ కాదన్నారు. ఏకగ్రీవం అంటే అందరూ..."

గజకేసరి మీసం మెలేశాడు. "అమ్మాయీ, జరిగినదాన్ని రాయడం గుమాస్తా లక్షణం. రాసినదాన్ని జరిగించడం రాజు లక్షణం. బండ మీద పడిందా, జరిగినట్టే! సభ ముందు జరిగిందా, రాత ముందు జరిగిందా అని ఎవడడుగుతాడు?"

"ఎవరు రాసినా అంతేనా ప్రభూ?"

"బండ పైఅంచున మా ముద్ర చెక్కి ఉంటుంది. ముద్ర కింద ఉన్నదంతా జరిగినట్టే. వెళ్ళు."

వకుళ దణ్ణం పెట్టి బయటికొచ్చింది. రేవు దాకా నడుస్తూ ఆ మాటనే పదిసార్లు లోపల చదువుకుంది. ముద్ర కింద ఉన్నదంతా జరిగినట్టే. ఎవరితోనైనా ఒక్కమాట అనుకుంటే బాగుండుననిపించింది. ఎవరున్నారని? బండ దగ్గర కూర్చుని సుద్ద చేత్తో పట్టుకుని సముద్రాన్నే అడిగింది, "ఏమంటావ్?" అని. అది ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే వెనక్కి పోయింది.

దివాను కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసింది, చప్పట్లతో సహా. దాని కింద ఇంకో నాలుగు వరసలు రాసింది.

మర్నాడు పొద్దున్న జనం ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. వకుళ చదివింది. విగ్రహం అనగానే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ "విన్నాం" అనకముందే ఆమె గొంతు పెంచింది.

"అటు తర్వాత మహారాజావారు సింహాసనం మీదనుంచి లేచి, 'వలలు ఆరే చోట నన్ను ఆరేస్తారా? దిబ్బ జాలర్లది. నా విగ్రహం వద్దు, నా తర్వాత వచ్చేవాళ్ళ విగ్రహాలూ వద్దు' అన్నారు. సభలో చప్పట్లు లెక్కకి అందలేదు."

"విన్నాం!" అని రేవంతా అదిరిపోయింది.

నూకాలమ్మ మాత్రం వకుళ వంక అదోలా చూసింది. "నేను ఆఖరి దాకా సభలోనే ఉన్నాను గదే. ఈ మాట ఎప్పుడన్నాడు బాబు?"

"బండ మీద పడింది కదమ్మా," అంది వకుళ నెమ్మదిగా.

నూకాలమ్మ అర్థం చేసుకుంది. పెద్ద గొంతేసుకుని, "ఓలమ్మో, మహారాజు ఎంత మంచోడు! పదండర్రా, దండలు తెండి!" అంది.

డప్పులతో, దండలతో పేటంతా కోట మీదకి వచ్చిపడింది. గజకేసరి మహారాజు జేజేలూ చప్పట్లూ విని, విగ్రహానికే అనుకుని మెట్లు దిగి వచ్చాడు. మెడలో ఏడు దండలు పడ్డాక గానీ అసలు సంగతి తెలియలేదు. తెలిశాక మొహం ఎర్రబడింది. ఊరేగింపుని వెంటబెట్టుకునే వార్తల బండ దగ్గరికి వచ్చాడు. దివాను వెనకాలే పరుగు.

"ఏమమ్మాయ్! ఈ మాటలు నేనెప్పుడన్నాను?" అని గద్దించాడు, దండల మధ్యనుంచి.

వకుళ బండ పక్కనుంచి కదల్లేదు. "ముద్ర కింద ఉన్నదంతా జరిగినట్టే అని తమరే సెలవిచ్చారు ప్రభూ. కాదంటే తమరు ఒక్కమాట అనండి, 'ఇది అబద్ధం' అని. ఇప్పుడే బండ కడిగేస్తాం."

"అబద్ధ..." అనబోయి రాజు ఆగాడు. బండ మొత్తం కడిగితే పైనున్న విగ్రహం కూడా పోతుంది. ఏడాది దాకా దాని ఊసెత్తకూడదు. అబద్ధం కాదంటే విగ్రహాన్ని తనే వద్దన్నట్టు.

దివాను ముందుకొచ్చాడు. "ప్రభూ, ముందు దీన్ని శిక్షించండి!"

"తప్పకుండా శిక్షించండి," అంది వకుళ. "ఏ నేరానికో కూడా తమరే చెప్పండి, బండ మీద రాయాలి కదా. జరగనిది రాసినందుకా? అయితే నా పేరు రెండోది అవుతుంది ప్రభూ. మొదటి పేరు దివానుగారిది రాయాలి. నిన్న పొద్దున కాగితం ఇచ్చింది వారు, సభ కూర్చుంది మధ్యాహ్నం."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. దివాను ఉత్తరీయం సర్దుకున్నాడు.

గజకేసరి బండ వంక చూశాడు. తన మెడలో దండల వంక చూశాడు. ఎదురుగా, వెనక వరసల్లోని జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

"దివానూ," అన్నాడు మెల్లగా, "ఈ చప్పట్లు నువ్వు రాసినవి కావు కదా?"

"కావు ప్రభూ."

"అదీ సంగతి! ఇవి చెవులకి వినబడుతున్నాయి."

అని పకపకా నవ్వాడు. పొట్ట పట్టుకుని, మెడలో దండలు ఊగేలా నవ్వాడు. నవ్వి, "మేమే అన్నాం ఆ మాటలు! దిబ్బ జాలర్లదే!" అని ప్రకటించాడు. తర్వాత వకుళ వైపు తిరిగాడు. "మేమన్న మాటల కన్నా మేము అననివాటినే బాగా రాశావమ్మాయీ. నీకు బహుమానం ఇస్తున్నాం. ఇక నువ్వు మా కోటలోనే ఉంటావు. పై అంతస్తులో గది, రెండు కిటికీలూ సముద్రం వైపే. ఇకనుంచి సభకి ముందు రాసే కాగితాలన్నీ నువ్వే రాస్తావు. వచ్చే సభ నాటికి నీ సామాను చేరాలి."

జనం మళ్ళీ జేజేలు కొట్టారు. ఇలాంటి కథలు మామూలుగా ఇక్కడే ఆగిపోతాయి. వకుళకి మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రం పేటలో ఆమెని చూసి ఎవరూ మాటలు ఆపలేదు. పిలిచి పీట వేశారు. నాలుగు నెలల్లో మొదటిసారి పదిమంది మధ్య కూర్చుని చేపల పులుసు తింది. అది కోటకెళ్ళేముందు పెడుతున్న భోజనం అని మూడో ముద్దకి తెలిసింది.

"యెల్లవే గుంటా," అంది నూకాలమ్మ. "నువ్వు యెల్లకపోతే దివాను ఇంకోణ్ణి తెస్తాడు. ఆడేటి రాస్తాడో? కోటలో మనదొక సెయ్యి ఉండాల."

"యెల్తే మన సెయ్యి ఎలా అవుద్ది?" అన్నాడు ఆమె మొగుడు కామయ్య, వల అల్లుతూ. "రాజు బువ్వ తింటది కదా."

"నీ నోట్లో మన్ను. తిననీ పిల్లని."

మర్నాడు ఆమె బండ మీద మామూలు వార్తలు రాసింది. ఉత్తరపు వీధి బావి పూడిక తీశారు, దీపస్తంభానికి కొత్త నిచ్చెన వేశారు, ఇలాంటివి. చదివింది. "విన్నాం" రాలేదు. ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యి చెవికి ఆనించి అడిగాడు.

"అమ్మా, ఆ బావి పూడిక నిజంగా తీసేరా? లేపోతే నువ్వు తీయించినావా?"

అందరూ నవ్వారు. మంచి మనసుతోనే నవ్వారు. వకుళ కూడా నవ్వబోయి ఆగింది. "నిజంగానే తీశారు తాతా, నేను వెళ్ళి చూశాను," అంది. ఆ ఒక్కమాట చెప్పడానికి ఒంట్లో ఉన్న బలమంతా కావాల్సి వచ్చింది. అప్పుడు "విన్నాం" అన్నారు, కొంచెం ఆలస్యంగా.

సభకి ఇంకా రెండు రోజులుంది. కోటకి వెళ్తే, జరగనివి రాస్తూ బతకాలి. ఆ గదిలోకి ఎవరూ తొంగిచూసి తిన్నావా అని అడగరు. వెళ్ళకపోతే, ఆ కలం దివాను మనిషి చేతికి పోతుంది, మళ్ళీ దిబ్బ మీద కన్ను పడుతుంది. ఇక్కడే ఉండి బండ మీద రాద్దామా అంటే, తను రాసిన నిజాన్ని కూడా ఇకమీదట జనం చేత్తో రుద్ది చూస్తారు.

ఎవరిని అడగాలో తెలియలేదు. నాలుగు నెలలుగా తనని వినేవాళ్ళే తప్ప తనకి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

చివరికి సుద్ద తీసుకుంది. బండ మీద అడుగున కాస్త చోటు మిగిలింది. అక్కడ రాసింది. మర్నాడు పొద్దున జనం వచ్చాక, వార్తలన్నీ అయ్యాక, పైకి చదివింది.

"ఇది సభలో జరిగింది కాదు. నాది. మీ దిబ్బ కోసం నేను మొదటిసారి అబద్ధం రాశాను. దానికి బహుమానంగా జీవితమంతా అబద్ధాలు రాసే ఉద్యోగం ఇచ్చారు. పుచ్చుకుంటే మీకు దూరమవుతాను, పుచ్చుకోకపోతే మీకు పనికిరాకుండా పోతాను. చదువుకున్నాను గానీ నాకు తోచడం లేదు. దయచేసి ఈ ఒక్కరోజుకి 'విన్నాం' అని వెళ్ళిపోకండి. చెప్పండి, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"